ముందు ఎన్ని ఫ్రేములో తేలాలి, ప్రాసెసర్ సంగతి ఆ తర్వాత

గేమింగ్ కోసం కంప్యూటర్ అసెంబుల్ చేయించుకోవాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది, ఏ ప్రాసెసర్ మంచిది అని. డబ్బుకు లోటు లేనివాళ్లకు ఈ ప్రశ్నే అక్కర్లేదు. జాబితాలో అన్నిటికంటే పైనున్నది తీసుకుంటే సరిపోతుంది. లెక్క చూసుకుని కొనేవాళ్లకే చిక్కంతా. వాళ్లు ప్రాసెసర్‌కు అదనంగా పెట్టే డబ్బు గ్రాఫిక్స్ కార్డు వాటాలోంచి కోసుకున్నదే. గేముల్లో కంటికి కనిపించే తేడా చాలావరకు కార్డు వల్ల వచ్చేదే కాబట్టి ఆ కోత ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అలాగని ప్రాసెసర్‌ను మరీ చిన్నచూపు చూస్తే, ఎంత పెద్ద కార్డు తగిలించినా ఆట మధ్యమధ్యలో తట్టుకుంటూనే నడుస్తుంది.

కాబట్టి అడగాల్సింది వేరే ప్రశ్న. ఆడబోయే గేముల్లో, ఎదురుగా ఉన్న మానిటర్ మీద, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెరమీద వెంటవెంట మారే బొమ్మలు) కావాలి? ఆ సంఖ్య తేలిందంటే, దాన్ని నిలకడగా ఇవ్వగల ప్రాసెసర్లలో చవకైనది ఏదో వెతుక్కోవడమే మిగులుతుంది. ఆ సంఖ్య తేలకుండా ప్రాసెసర్ల పోలికల పట్టికలు ఎన్ని చూసినా పిండి కొద్దీ రొట్టె అన్న లెక్క మాత్రం కుదరదు.

ఒక ఫ్రేములో జరిగే పని

సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.67 మిల్లీసెకన్ల గడువు. 144 ఫ్రేములు కావాలంటే గడువు 6.94 మిల్లీసెకన్లకు దిగుతుంది. ఈ కొద్ది సమయంలో పని రెండు చేతులు మారుతుంది. ముందు ప్రాసెసర్ వంతు. మౌస్, కీబోర్డు నుంచి వచ్చిన సంకేతాలను చదువుతుంది. శత్రువులు ఎటు నడవాలో, విసిరిన గ్రెనేడ్ ఎక్కడ పడాలో, కూలిన గోడ ముక్కలు ఎటు దొర్లాలో లెక్కగడుతుంది. కెమెరాకు కనిపించే వస్తువులేవో, చాటున ఉన్నవేవో వేరు చేస్తుంది. చివరికి ఏది ఎక్కడ గీయాలో చెప్పే ఆదేశాల చిట్టా ఒకటి తయారుచేసి, డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా గ్రాఫిక్స్ కార్డుకు అందిస్తుంది. డ్రా కాల్స్ అనేది ఈ ఆదేశాలనే. కార్డు ఆ చిట్టా పట్టుకుని బొమ్మ గీస్తుంది.

కార్డు ఒక ఫ్రేము గీస్తూ ఉండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేము చిట్టా మొదలుపెట్టేస్తుంది. అందుకే రెండింటి సమయాలనూ కలిపి చూడకూడదు. ఏది ఎక్కువ సమయం తీసుకుంటుందో దాన్ని బట్టే వేగం ఉంటుంది. ఒక గేములో ప్రాసెసర్‌కు 9 మిల్లీసెకన్లు, కార్డుకు 14 మిల్లీసెకన్లు పడుతున్నాయనుకుందాం. అప్పుడు వచ్చేవి సెకనుకు 71 ఫ్రేములు. ప్రాసెసర్ మార్చి దాని సమయాన్ని 6కు తగ్గించినా వచ్చేవి ఆ 71 ఫ్రేములే, పెట్టిన డబ్బు తెరమీద ఎక్కడా కనిపించదు. అదే డబ్బుతో కార్డు మార్చి 14ను 10 చేస్తే 100 ఫ్రేములు. ఇంకా పెద్ద కార్డు తెచ్చి 7 చేస్తే మాత్రం 142 రావు. ప్రాసెసర్ 9 దగ్గర పట్టి ఆపుతుంది కాబట్టి 111తో సరి.

బాటిల్‌నెక్ (ఒక భాగం నెమ్మదై రెండోదాన్ని ఆపడం) అంటూ ఇంటర్నెట్‌లో తిరిగే భయమంతా ఈ చిన్న లెక్కకు సంబంధించినదే. ఫలానా ప్రాసెసర్, ఫలానా కార్డు కలిస్తే ఇంత శాతం బాటిల్‌నెక్ అని చెప్పే కాలిక్యులేటర్లను నమ్మడానికి లేదు. గేము మారితే, అదే గేములో ఊరి నుంచి అడవికి వెళితే, సెట్టింగు ఒకటి మార్చితే పై లెక్కలో రెండు అంకెలూ మారిపోతాయి. ఏదో ఒకటి ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. వెనకబడ్డది కూడా కావాల్సినన్ని ఫ్రేములు ఇస్తుంటే అందులో కంగారు పడాల్సిందేమీ లేదు.

మానిటరే సగం తేల్చేస్తుంది

రిజల్యూషన్ పెంచితే భారం దాదాపు మొత్తం కార్డు మీదే పడుతుంది. 1920×1080 (1080పీ) తెరలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు, 2560×1440లో 36.9 లక్షలు, 3840×2160 (4కే) తెరలో 82.9 లక్షలు ఉంటాయి. వాటికి రంగులద్దేది కార్డు. శత్రువుల నడక లెక్కగట్టడానికి తెర ఎంత పెద్దదన్నది ప్రాసెసర్‌కు పట్టదు. అందువల్ల 4కే మానిటర్ ముందు పెట్టుకుని 60 ఫ్రేములతో తృప్తిపడేవాళ్లకు సాధారణ ప్రాసెసర్ చాలు. అదే 1080పీలో 240 ఫ్రేములు కావాలనేవాళ్లకు, తెర చిన్నదైనా, పెద్ద ప్రాసెసర్ కావాలి. కొత్తగా కొనేవాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

రివ్యూలను చదవడంలో పొరపాటు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ప్రాసెసర్లను పరీక్షించేవాళ్లు మార్కెట్లో అన్నిటికంటే బలమైన కార్డు పెట్టి, 1080పీలో ఆడించి చూస్తారు. కార్డు అడ్డు లేకుండా ప్రాసెసర్ల మధ్య తేడా బయటపడాలి కాబట్టి పద్ధతిగా అది సరైనదే. అయితే ఆ పట్టికలో కనిపించే 30, 40 శాతం తేడా మధ్యరకం కార్డుతో ఆడేవాళ్ల ఇంట్లో కనిపించదు. అలాగని ఆ పట్టికలు పనికిరావని కొట్టిపారేయడమూ తప్పే. వాటిలో శాతాలను వదిలేసి, ఫ్రేముల సంఖ్యను చదవాలి. ఫలానా గేములో చవక ప్రాసెసర్ 130 ఫ్రేములు ఇచ్చిందంటే, ఆ గేములో ఆ చిప్ పైకప్పు అది. ఇంట్లో ఉన్నది 75 హెర్ట్జ్ (సెకనుకు 75 ఫ్రేములు చూపగల) మానిటరైతే పైకప్పు ఇంకా చాలా ఎత్తులోనే ఉన్నట్టు. ఖరీదైన చిప్ 190 ఇచ్చిందన్న విషయంతో ఆ ఇంటికి సంబంధం లేదు.

ఏ గేములన్నది మిగతా సగం. కౌంటర్ స్ట్రైక్ 2, వాలరెంట్ లాంటి పోటీ గేములు ఆడేవాళ్లు సెట్టింగులు కిందికి దించి, వీలైనన్ని ఎక్కువ ఫ్రేములు రాబట్టాలని చూస్తారు. కార్డుకు అక్కడ పని తక్కువ, భారమంతా ప్రాసెసర్‌దే. కథ నడిచే పెద్ద గేములను హై సెట్టింగుల్లో, 60–90 ఫ్రేములతో ఆడేవాళ్ల పరిస్థితి సరిగ్గా దీనికి ఎదురు. ఇక నగరాలు కట్టే గేములు, స్ట్రాటజీ గేములు, విమాన సిమ్యులేటర్ల తీరు వేరు. సిటీస్: స్కైలైన్స్ 2లో ఊరు చిన్నగా ఉన్నప్పుడు ప్రాసెసర్‌కు పెద్దగా శ్రమ ఉండదు. జనాభా పెరిగేకొద్దీ ఒక్కొక్కరి రాకపోకలూ లెక్కగట్టలేక ప్రాసెసర్ రొప్పుతుంది. ఇలాంటి గేములను మొదటి గంటలో పరీక్షించి ఇచ్చిన తీర్పులు ఎందుకూ కొరగావు. బాల్డర్స్ గేట్ 3లోనూ అంతే. మూడో అంకంలో నగరంలో అడుగుపెట్టాక, అప్పటిదాకా బాగా ఆడిన కంప్యూటర్లు కూడా తడబడ్డాయి.

సగటు చెప్పని సంగతి

99 ఫ్రేములు ఒక్కోటి 8 మిల్లీసెకన్లలో వచ్చి, నూరోది 100 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. మొత్తం 892 మిల్లీసెకన్లలో 100 ఫ్రేములు, అంటే సగటు సెకనుకు 112. చూడ్డానికి గొప్ప సంఖ్యే. కానీ ఆడేవాడికి గుర్తుండేది గురి చూస్తుండగా తెర ఒక్క క్షణం బిగుసుకుపోవడమే. రివ్యూల్లో 1 శాతం లోస్ (అన్నిటికంటే నెమ్మదైన 1 శాతం ఫ్రేముల వేగం) అని ఇచ్చే సంఖ్య ఇలాంటి ఫ్రేములను పట్టుకోవడానికే. లెక్కగట్టే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి ఒకరి పట్టికలోని సంఖ్యను ఇంకొకరి పట్టికతో పోల్చకూడదు. ఒకే పట్టికలో మాత్రం సగటు కంటే ముందు దీన్నే చూడాలి. బలహీనమైన ప్రాసెసర్ తన బలహీనతను సగటులో దాచుకోగలదు, ఇక్కడ దాచుకోలేదు.

కోర్ల సంఖ్య మోజు

కోర్లంటే ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు. గేము పనిని ఎన్ని కోర్లకైనా పంచవచ్చుననుకోవడం పొరపాటు. దాదాపు ప్రతి గేములోనూ ఒక ప్రధాన థ్రెడ్ (ఒకదాని తర్వాత ఒకటిగా సాగే పనుల వరుస) ఉంటుంది. మిగతా పనులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఆ ప్రధాన థ్రెడ్ ఒక్కో ఫ్రేముకు 8 మిల్లీసెకన్లు తీసుకుంటుంటే, పక్కన 6 కోర్లున్నా 16 కోర్లున్నా ఫ్రేము 8 కంటే ముందు తయారు కాదు. అందుకే పాత సర్వర్ల నుంచి తీసి అమ్మే ఇంటెల్ జియాన్ చిప్‌లు చూడ్డానికి ఊరిస్తాయి గానీ ఆడడానికి అంతగా పనికిరావు. జియాన్ ఇ5-2680 వి4లో 14 కోర్లు, 28 థ్రెడ్లు (ఒకేసారి నడపగల పనుల వరుసలు) ఉన్నాయి. గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, డిజైన్ 2016 నాటిది. వీడియో రెండరింగ్‌కు ఇప్పటికీ పనికొస్తుందేమో గానీ, గేముల్లో దీనికి మూడో వంతు కోర్లు కూడా లేని 4 కోర్ల ఇంటెల్ ఐ3-12100ఎఫ్ ముందు తేలిపోతుంది.

మరి ఎన్ని కోర్లు చాలు? 2020 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ రెండింటిలోనూ ఉన్నవి 8 ఎఎమ్‌డీ జెన్ 2 తరం కోర్లు. వేగం 3.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల, పైగా అందులో కొంత భాగం కన్సోల్ సొంత పనులకే పోతుంది. పెద్ద స్టూడియోలు ఆ కొలత ముందు పెట్టుకునే గేములు రాస్తాయి. దానికంటే కొత్త తరానికి చెందిన 6 కోర్లు, 12 థ్రెడ్లు, 4.4 గిగాహెర్ట్జ్ పైన వేగం ఉంటే ఆ బరువు ఎత్తడానికి సరిపోతాయి. తక్కువ బడ్జెట్‌కు 6 కోర్లే సరైన గీత అనడానికి కారణం ఇదే. 4 కోర్లు, 8 థ్రెడ్ల ఐ3లు సగటులో బాగానే నెట్టుకొస్తాయి, కొత్త గేముల్లో 1 శాతం లోస్ దగ్గర దొరికిపోతాయి. పోటీ గేములు మాత్రమే ఆడేవాళ్లకు, బడ్జెట్ నిజంగా చివరి అంచున ఉన్నవాళ్లకు తప్ప కొత్తగా కొనేటప్పుడు వాటి జోలికి పోకపోవడం మేలు. థ్రెడ్లు కూడా నాలుగే ఉన్న పాత ఐ5లను ఎవరైనా ఊరికే ఇస్తే తప్ప తీసుకోవద్దు. 8 కోర్లు ఉంటే మంచిదే, కానీ ఆట సాగుతుండగానే స్ట్రీమింగ్, ఎడిటింగ్ లాంటివి చేయనివాళ్లకు ఆ రెండు కోర్ల డబ్బు కార్డులో పెడితేనే ఫలం.

పేర్లలో మోసం, క్యాష్‌లో నిజం

ప్రాసెసర్ అడిగిన సమాచారం చిప్‌లోనే ఉన్న ఎల్3 క్యాష్ అనే చిన్న, వేగమైన మెమొరీలో దొరికితే సుమారు 10 నానోసెకన్లలో చేతికొస్తుంది. దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లాలి, అప్పుడు 60 నుంచి 90 నానోసెకన్లు పడుతుంది. గేములు ఎప్పుడు ఏ సమాచారం అడుగుతాయో ముందుగా ఊహించడం కష్టం. అందుకే క్యాష్ పెద్దదైతే అవి అంతగా లాభపడతాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఎఎమ్‌డీ రైజెన్ 7 5800ఎక్స్3డీ దీన్ని అందరి కళ్లకూ కట్టింది. 5800ఎక్స్ కంటే దాని గడియారం నెమ్మది, 4.7కు బదులు 4.5 గిగాహెర్ట్జ్. ఎల్3 క్యాష్ మాత్రం 32 మెగాబైట్ల నుంచి 96కు పెరిగింది. మామూలు పనుల్లో కాస్త వెనకబడ్డ ఆ చిప్, గేముల్లో తన కంటే ఖరీదైనవాటి సరసన నిలిచింది.

బడ్జెట్ చిప్‌లకు వచ్చేసరికి ఈ క్యాష్ సంఖ్యే పేరు దాచిన నిజాన్ని బయటపెడుతుంది. రైజెన్ 5 5600, 5600జీ, 5500 మూడూ జెన్ 3 చిప్‌లే, మూడింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లే. 5600లో ఎల్3 క్యాష్ 32 మెగాబైట్లు. మిగతా రెండింటిలో 16. పైగా ఆ రెండూ పీసీఐ ఎక్స్‌ప్రెస్ (ప్రాసెసర్‌కూ కార్డుకూ మధ్య దారి) 3.0 దగ్గరే ఆగిపోయాయి, 5600కు 4.0 ఉంది. రైజెన్ 7 5700, 5700ఎక్స్‌ల మధ్యా ఇదే కథ. పేరులో ఒక్క అక్షరమే తేడా, లోపల మాత్రం 16 మెగాబైట్లకూ 32కూ ఉన్నంత తేడా. గేముల్లో 8 కోర్ల 5700 కంటే 6 కోర్ల 5600 మెరుగ్గా ఆడే సందర్భాలు తక్కువేమీ కాదు. అన్నిటికంటే వింత రైజెన్ 5 4500. ఇది 2022లో వచ్చింది, 2019 నాటి రైజెన్ 5 3600 కంటే అంకె పెద్దది. కోర్లు రెండింటిలోనూ ఆరే, తరమూ ఒకటే, జెన్ 2. కానీ 3600లో 32 మెగాబైట్ల క్యాష్ ఉంటే 4500లో ఉన్నది 8. పెద్ద అంకె చూసి కొన్నవాళ్లు పాత చిప్ కంటే వెనక ఉండిపోయారు.

ఇంటెల్ వైపు తికమక ఇంకో రకం. ఐ3-12100ఎఫ్, 13100ఎఫ్, 14100ఎఫ్ మూడు తరాల పేర్లు మోస్తున్నా మూడూ 4 కోర్లు, 12 మెగాబైట్ల క్యాష్ ఉన్న చిప్‌లే. వేగం 4.3 నుంచి 4.5కూ, అక్కడి నుంచి 4.7కూ జరిగింది, అంతే. ధరలో తేడా ఉంటే పాతదే చాలు. ఐ5-12400ఎఫ్‌లో 6 పెర్ఫార్మెన్స్ కోర్లు, 18 మెగాబైట్ల క్యాష్ ఉన్నాయి. 13400ఎఫ్, 14400ఎఫ్‌లలో వీటికి 4 ఎఫిషియెన్సీ కోర్లు కలిసి 10 కోర్లని ప్రచారం జరుగుతుంది. ఆ నాలుగూ వెనక నడిచే పనులకు సాయపడేవే తప్ప గేము ప్రధాన థ్రెడ్‌ను మోసేవి కావు. ఒక మాట, ఇంటెల్ క్యాష్‌నూ ఎఎమ్‌డీ క్యాష్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. రెండింటి నిర్మాణం వేరు. ఒకే ఇంటి చిప్‌ల మధ్యే ఈ కొలత పనిచేస్తుంది.

పేరు చివర ఎఫ్ ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం లేదని. ధర కాస్త తగ్గుతుంది. కార్డు ఎప్పుడైనా చెడిపోతే తెరమీద ఏమీ రాదు, తప్పెక్కడుందో కనిపెట్టడమూ కష్టమవుతుంది. ఆ మాత్రం రిస్కు తీసుకోవచ్చు.

బోర్డు, ర్యామ్ కలిపితేనే అసలు ధర

ప్రాసెసర్ పెట్టె మీది ధరలు పోల్చడం వల్ల తప్పుడు నిర్ణయాలు చాలా జరుగుతాయి. పోల్చాల్సింది ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, కూలర్ నాలుగూ కలిపిన మొత్తాన్ని. రైజెన్ 5 5600 ఎఎమ్4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డులో, డీడీఆర్4 తరం ర్యామ్‌తో నడుస్తుంది. ఐ5-12400ఎఫ్‌కు ఎల్‌జీఏ 1700 బోర్డు కావాలి, ఆ బోర్డుల్లో డీడీఆర్4వీ ఉన్నాయి, డీడీఆర్5వీ ఉన్నాయి. రైజెన్ 5 7600, దాని గ్రాఫిక్స్ లేని తమ్ముడు 7500ఎఫ్ ఎఎమ్5లో, డీడీఆర్5తో మాత్రమే నడుస్తాయి. 5600, 12400ఎఫ్, 7600 రిటైల్ పెట్టెల్లో కూలర్ వస్తుంది. 9600ఎక్స్ లాంటివాటికి విడిగా కొనాలి. పెట్టె లేకుండా, ట్రే ప్యాకింగ్ అని తక్కువకు అమ్మేవాటితోనూ సాధారణంగా కూలర్ రాదు. చవక అనుకున్నది కూలర్ కలిపేసరికి చవక కాకుండా పోవచ్చు.

వేగంలో 7600 ఒక మెట్టు పైన ఉంటుంది, అందులో వాదన లేదు. దాని అసలు ఆకర్షణ మాత్రం బోర్డు భవిష్యత్తు. ఎఎమ్4 చరిత్ర చూస్తే ఈ మాటకు బలం తెలుస్తుంది. 2017లో మొదటి తరం రైజెన్‌తో కొన్న చాలా బోర్డుల్లో, బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) మార్చుకుని 2022 నాటి 5800ఎక్స్3డీని బిగించుకోగలిగారు. ఎఎమ్5కు 2027 వరకు, ఆ తర్వాత కూడా కొత్త చిప్‌లు ఇస్తామని ఎఎమ్‌డీ చెప్పింది. ఎల్‌జీఏ 1700కు ఆ అవకాశం లేదు, 12, 13, 14 తరాలతో దాని కథ ముగిసింది. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 శ్రేణికి ఇంటెల్ ఎల్‌జీఏ 1851 అనే వేరే సాకెట్ పెట్టింది.

అయితే ఈ అప్‌గ్రేడ్ దారి అనే మాటను అమ్మేవాళ్లు వాడినంత ధారాళంగా నమ్మక్కర్లేదు. మూడేళ్లకోసారి ప్రాసెసర్ మార్చే అలవాటున్నవాళ్లకు దానికి విలువ ఉంది. ఒకసారి కొంటే ఆరేడేళ్లు కదిలించనివాళ్లు ఎప్పటికో మార్చబోయే చిప్ కోసం ఈరోజు ఖరీదైన బోర్డు, ర్యామ్ కొని, ఆ మేరకు చిన్న గ్రాఫిక్స్ కార్డుతో సరిపెట్టుకోవడం నష్టమే. డీడీఆర్5 ధర మండిపోతున్న రోజుల్లో, పాత డీడీఆర్4 ర్యామ్ చేతిలో ఉన్నవాళ్లకు ఎఎమ్4, ఎల్‌జీఏ 1700 ఇప్పటికీ బుద్ధిగల ఎంపికలే. ఓవర్‌క్లాకింగ్ (చిప్‌ను నిర్ణీత వేగం దాటించి నడపడం) కోసం ఇంటెల్ కే చిప్, జెడ్ బోర్డు కొనే ఆలోచన ఉంటే ఈ బడ్జెట్‌లో దాన్ని పక్కన పెట్టేయడమే మంచిది. ఆ తేడా డబ్బుతో కార్డే ఒక మెట్టు పైకి వెళుతుంది.

కార్డును బట్టి ప్రాసెసర్

కొన్ని కార్డులకు ప్రాసెసర్‌తో ప్రత్యేకమైన పేచీలున్నాయి. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌ఎక్స్ 7600 లాంటి బడ్జెట్ కార్డులు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలోని 16 లేన్లకు (వరుసలకు) బదులు 8 లేన్లే వాడుకుంటాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 4.0లో ఆ 8 లేన్లకు సెకనుకు సుమారు 16 గిగాబైట్ల దారి ఉంటుంది, 3.0లో సుమారు 8. కార్డు మెమొరీ చాలినంతసేపు ఈ తేడా పెద్దగా తెలియదు. 8 గిగాబైట్లు నిండి సమాచారం ర్యామ్ నుంచి రావాల్సి వచ్చినప్పుడు ఇరుకు దారి బయటపడుతుంది. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి ఉన్నవి 4 లేన్లు, 4 గిగాబైట్లే. 3.0 బోర్డుల్లో అది బాగా చతికిలబడింది. 5500, 5600జీలు కొనే ముందు ఈ సంగతి గుర్తు రావాలి. బీ450 బోర్డులో 5600 పెట్టినా దారి 3.0గానే ఉంటుంది, బీ550 అయితే 4.0.

ఇంటెల్ ఆర్క్ బీ580 కార్డుది ఇంకో పేచీ. 2024 డిసెంబరులో వచ్చినప్పుడు, ధరకు 12 గిగాబైట్ల మెమొరీతో బడ్జెట్ కొనుగోలుదార్లకు వరంలా కనిపించింది. పరీక్షలన్నీ పెద్ద ప్రాసెసర్లతో జరిగాయి. తర్వాత రైజెన్ 5 2600, 3600 లాంటి పాత చిప్‌లతో ఆడించి చూస్తే కొన్ని గేముల్లో వేగం దారుణంగా పడిపోయింది, 5600తో కూడా కొన్నిచోట్ల తడబడింది. కారణం డ్రైవర్. కార్డు డ్రైవర్ నడిచేది ప్రాసెసర్ మీదే, అది బరువుగా ఉంటే ఆ బరువు మోయాల్సింది ప్రాసెసరే. కార్డు చవకగా దొరికిందని సంతోషించే ముందు, అది తన బరువులో కొంత ఎవరి మీద వేస్తుందో కూడా చూసుకోవాలి.

చిన్న బొమ్మ గీసి దాన్ని తెర సైజుకు పెంచే డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వాడేవాళ్లకు ఇంకో చిన్న లెక్క. 1080పీ తెర మీద డీఎల్ఎస్ఎస్ క్వాలిటీ పెడితే కార్డు నిజానికి గీసేది 720పీ బొమ్మనే. కార్డు భారం తగ్గుతుంది, ప్రాసెసర్ భారం అలాగే ఉంటుంది. అది ఆన్ చేసినా ఫ్రేములు పెరగలేదంటే ప్రాసెసర్ పైకప్పు తగిలిందన్నమాట. వెలుగు దారులను లెక్కగట్టే రే ట్రేసింగ్ కార్డుకు మాత్రమే భారమని అనుకుంటారు గానీ, వస్తువులు కదిలేకొద్దీ వాటి అమరికను మళ్లీ మళ్లీ సిద్ధం చేసే పనిలో ప్రాసెసర్‌కూ వాటా ఉంది. మధ్యలో కల్పిత ఫ్రేములు చేర్చే ఫ్రేమ్ జనరేషన్ సంఖ్యను పెంచుతుంది తప్ప మౌస్ కదిపిన క్షణానికీ తెర స్పందించిన క్షణానికీ మధ్య ఎడాన్ని తగ్గించదు. ప్రాసెసర్ 35 ఫ్రేములే ఇస్తుంటే, తెరమీద 70 కనిపించినా చేతికి 35 లాగే ఉంటుంది.

అసలు కార్డే కొనలేని పరిస్థితిలో మాత్రం ఈ సలహాలన్నీ తిరగబడతాయి. అప్పుడు లోపలే మంచి గ్రాఫిక్స్ ఉన్న 5600జీ, 8600జీ లాంటివే దిక్కు. వాటికి విడి మెమొరీ ఉండదు, ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి ఒకే ర్యామ్ స్టిక్ పెడితే సగం చచ్చినట్టే. రెండు స్టిక్కులు ఉండి తీరాలి. ఆరు నెలల్లో కార్డు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు మాత్రం వీటి క్యాష్ 16 మెగాబైట్లేనని మరిచిపోకూడదు.

పాతవి కొనేవాళ్లకు, ఉన్నదాన్నే సాగదీసేవాళ్లకు

వాడిన వస్తువుల్లో ప్రాసెసర్ మిగతావాటికంటే నమ్మకమైనదే. అరిగే భాగాలేవీ ఉండవు. దీనికి పెద్ద మినహాయింపు ఇంటెల్ 13, 14 తరాల్లోని పెద్ద చిప్‌లు. ఐ5-13600కే, అంతకు పైనున్నవాటిలో వోల్టేజీ లోపం వల్ల కొన్ని చిప్‌లు క్రమంగా దెబ్బతిన్నాయి. 2024లో ఇంటెల్ దాన్ని ఒప్పుకుని మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. సవరణ మున్ముందు నష్టం జరగకుండా ఆపుతుందే గానీ, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. ఇలాంటిది చేతులు మారి వస్తే వారంటీ మిగిలుందో లేదో చూసుకోకుండా తీసుకోవద్దు. విండోస్ 11 సంగతీ ఉంది. ఇంటెల్‌లో 8వ తరం, ఎఎమ్‌డీలో రైజెన్ 2000 శ్రేణి నుంచే దానికి అధికారిక మద్దతు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి అంతకంటే పాత చిప్‌లు ఎంత చవకైనా తలనొప్పే.

ఉన్న కంప్యూటర్‌కే ప్రాసెసర్ మార్చాలనుకునేవాళ్లు ముందు అది నిజంగా అవసరమో కాదో తేల్చుకోవచ్చు. గేము నడుస్తుండగా రిజల్యూషన్‌ను రెండు మెట్లు దించి చూడాలి. ఫ్రేములు ఎగిరి పెరిగితే అడ్డు కార్డుది. దాదాపు అక్కడే ఉంటే ప్రాసెసర్‌ది. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 40 శాతమే చూపిస్తోందని, దానికి ఇంకా ఓపిక ఉందని అనుకోకూడదు. ఒక్క కోర్ నూరు శాతంతో సతమతమవుతుంటే మిగతావి ఖాళీగా కూర్చుంటాయి, సగటు మాత్రం 40 చూపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు వాడకం 95 శాతానికి పైగా ఉందా లేదా అన్నదే నమ్మదగిన గుర్తు.

అడ్డు ప్రాసెసర్‌దే అని తేలినా, డబ్బు తీసే ముందు బయాస్‌లోకి ఒకసారి వెళ్లి రావాలి. 3200 వేగం ఉన్న డీడీఆర్4 ర్యామ్ కొని, దాన్ని ఆ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయక 2133 లేదా 2400 దగ్గరే ఏళ్ల తరబడి నడిపిస్తున్న కంప్యూటర్లు బోలెడు. డీడీఆర్5లోనూ అంతే, 6000 వేగం ర్యామ్ 4800 దగ్గర కునుకుతూ ఉంటుంది. ఒకే స్టిక్ ఉంటే రెండోది చేర్చడం కొత్త ప్రాసెసర్ కంటే చాలా చవక. ఇవన్నీ అయ్యాక కూడా మార్చాల్సిందే అనుకుంటే, రైజెన్ 5 2600 ఉన్న బీ450 బోర్డువాళ్లు బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కు ఏ చిప్‌లు పనిచేస్తాయో, దానికి ఏ బయాస్ వెర్షన్ కావాలో చూసుకోవాలి. ఆ వెర్షన్‌ను పాత చిప్ ఉండగానే ఎక్కించాలి. కొత్తది బిగించాక ఎక్కిద్దాంలే అనుకుంటే, ఫ్లాష్‌బ్యాక్ బటన్ (ప్రాసెసర్ సాయం లేకుండానే బయాస్ ఎక్కించేది) లేని బోర్డుల్లో తెర వెలగదు, మళ్లీ పాత చిప్ తగిలించాల్సిందే.